ముక్క ఇక్కడిది.. చదువు ఎక్కడిది?

సరిహద్దు పల్లెల్లో ముక్క పరీక్ష అన్న మాట వినని ఇల్లు అరుదు. మెడ దగ్గర గడ్డ తేలినా, నోట్లో పుండు నెలల తరబడి మానకపోయినా దగ్గరి పట్నంలోని డాక్టరు చిన్న ముక్క తీసి సీసాలో వేస్తారు. ఆ సీసా రాయచూరుకో, బరంపురానికో, వెల్లూరుకో ప్రయాణం కడుతుంది. అక్కడి నుంచి ఎదురుచూపులు మొదలు. రిపోర్టు వస్తే తప్ప వైద్యం మొదలుకాదు. వైద్యం మొదలైతే తప్ప ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు ఉండదు. సీసా చేరిన చోట ఏం జరుగుతుందో, ఆ రిపోర్టు రాసే డాక్టరు ఆ విద్యను ఎలా నేర్చుకున్నారో ఆలోచించే తీరిక ఆ సమయంలో ఎవరికుంటుంది? అయితే రిపోర్టు ఆలస్యం కావడానికీ, ఒక్కొక్కసారి తప్పుగా రావడానికీ మూలం చాలావరకు అక్కడే ఉంది.

ముక్కను ముందుగా ఫార్మలిన్ ద్రావణంలో ఊరబెడతారు. తర్వాత అందులోని తేమనంతా తొలగించి మైనంలో పోత పోస్తారు. ఆసుపత్రులవారు 'బ్లాకు' అనేది దీన్నే. ఆ బ్లాకును కోతయంత్రంపై మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందంలో, అంటే తలవెంట్రుకలో సుమారు పదిహేనో వంతు పలుచన పొరలుగా కోసి గాజుపలకపై పరిచి రంగులు అద్దుతారు. కణకేంద్రకాలకు నీలిరంగునిచ్చే హెమటాక్సిలిన్ మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు చేవ నుంచి తీసినది. గులాబీ రంగునిచ్చేది ఇయోసిన్. నూరేళ్లకు పైగా ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ ఈ జంట రంగులనే నమ్ముకున్నాయి. ఆ పలకను సూక్ష్మదర్శిని కింద చూసి, ఇది క్షయ, ఇది క్యాన్సర్, ఇది భయపడనక్కరలేని గడ్డ అని తేల్చేవారే పాథాలజిస్టు. ఈ చూపు పుస్తకం చదివితే అబ్బేది కాదు. వేల పలకలు చూడాలి, పక్కన కూర్చుని 'ఇదిగో ఇక్కడ' అని చూపించే గురువు ఉండాలి.

ఆ గురువులే కరవు. వ్యాధి నిర్ధారణ సౌకర్యాలపై లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచ జనాభాలో 47 శాతం మందికి ఇటువంటి పరీక్షలు అసలు అందడం లేదు, లేదా అంతంత మాత్రంగా అందుతున్నాయి. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో జనాభా నిష్పత్తిని బట్టి చూస్తే పాథాలజిస్టులు సంపన్న దేశాల్లో ఉన్నవారిలో పదోవంతు మాత్రమే. గురువులు లేరు గనుక శిష్యులు తయారు కారు. శిష్యులు తయారు కారు గనుక రేపటికీ గురువులు ఉండరు. ఈ వలయాన్ని తెంచడానికి ఇటీవలి కాలంలో ముందుకు వచ్చిన సాధనమే డిజిటల్ పాథాలజీ.

గాజుపలకను స్కానరులో పెట్టి, సూక్ష్మదర్శినిలో కనిపించేదంతా అంగుళం వదలకుండా చిత్రంగా మార్చడమే ఇందులోని కిటుకు. పదిహేను మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చిన్న ముక్కను గట్టి వివరంతో స్కాన్ చేస్తే 360 కోట్ల చుక్కల చిత్రం తయారవుతుంది. కుదించి భద్రపరచినా ఒక్కొక్కటి ఒక గిగాబైటుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంత బరువైన చిత్రం పల్లెటూరి ఇంటర్నెట్‌పై కదులుతుందా అన్న సందేహం సహజం. ఫోనులో పటం తెరిచి ఊరిని దగ్గరకు లాక్కున్నప్పుడు ఆ ఊరి ముక్క మాత్రమే దిగినట్లు, ఇక్కడ కూడా చూస్తున్న చోటికి సంబంధించిన చిన్న చతురస్రాలే వస్తాయి. ఈ చిత్రాలను తెరిచే ఓపెన్‌స్లైడ్, క్యూపాత్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. కాగా, పెద్ద స్కానర్ల ధర కోటి రూపాయలు దాటుతుంది. దానిపై ఏటేటా నిర్వహణ ఖర్చు వేరు.

వైద్యవిద్యకు దీనివల్ల కలిగే మేలు చిన్నది కాదు. సూదితో తీసిన ముక్క అగ్గిపుల్ల కంటే సన్నగా ఉంటుంది. దాన్నుంచి కొన్ని పొరలే వస్తాయి. నూటయాభై మంది విద్యార్థులకు తలా ఒక పలక ఇవ్వడం ఎవరి తరమూ కాదు. అందుకే అరుదైన జబ్బుల పలకలు ప్రొఫెసరుగారి బీరువాలోనే ఉండిపోతాయి, రంగు వెలుస్తాయి, ఏదో ఒక పరీక్షనాడు చేయిజారి పగులుతాయి. స్కాన్ చేసిన పలక పగలదు, వెలవదు, ఒకేసారి వెయ్యిమంది చూడవచ్చు. గురువు ఒక ఖండంలో, శిష్యుడు మరో ఖండంలో ఉన్నా ఇద్దరి బాణపు గుర్తూ ఒకే కణంపై నిలుస్తుంది.

ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. తెరపైకి వచ్చే పలక ఎవరిది? దాని గురించి మాట్లాడేది ఎవరు?

మలావీ చూపిన దారి

ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీ పేద దేశం. 2018 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజలు కోటీ 75 లక్షలు. చాలాకాలం ముక్క పరీక్ష సదుపాయం దక్షిణాన బ్లాంటైర్ నగరంలో మాత్రమే ఉండేది. వైద్య కళాశాల కూడా 1991లో అక్కడే మొదలైంది. రాజధాని లిలాంగ్వేలోని కముజు సెంట్రల్ ఆసుపత్రిలో 2011 జూలైలో పాథాలజీ ప్రయోగశాల తెరిచారు. అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం తోడ్పడింది. మొదటి ఇరవై నెలల్లో 2,700కు పైగా నమూనాలు వచ్చాయి. వాటిలో సుమారు మూడోవంతు క్యాన్సర్లే.

స్కానరు ఆ తర్వాతే వచ్చిందన్నది గమనార్హం. ముందు ప్రయోగశాల, ఆపైన టెక్నీషియన్లకు శిక్షణ, ఆ తర్వాతే యంత్రం. అప్పటి నుంచి వారానికొక సమావేశం. లిలాంగ్వేలో మలావీ పాథాలజిస్టులు, రోగికి వైద్యం చేసే డాక్టర్లు. అవతల అమెరికాలోని నిపుణులు. నడుమ తెరపై స్కాన్ చేసిన పలక. స్థానిక వైద్యుడు ముందుగా తన అభిప్రాయం చెబుతాడు, రోగి వివరాలు వస్తాయి, చర్చ నడుస్తుంది, అప్పుడే నిర్ణయం. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ల విషయంలో ఈ సమావేశాల నిర్ధారణలను అమెరికాలో మరిన్ని పరీక్షలతో తిరిగి సరిచూసినప్పుడు అత్యధిక కేసుల్లో అవి నిలబడ్డాయని 2016లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఈ అంకె కంటే ముఖ్యమైనది వేరొకటి ఉంది. హెచ్‌ఐవీ, క్షయ విస్తారంగా ఉన్న ఆ దేశంలో మెడగడ్డ కనిపిస్తే క్షయ అనుకుని నెలల తరబడి మందులు వాడించడం, చివరికి అది లింఫోమా అని తేలడం మామూలు. ఆ పొరపాటును గుర్తించడం నేర్చుకోవాలంటే మలావీ రోగుల పలకలే చూడాలి. వారం వారం ఆ తెర ముందు జరిగింది అదే. రోగికి రిపోర్టు వచ్చింది, వైద్యుడికి పాఠమూ అందింది.

రువాండాలో, కొండల నడుమ ఉన్న బుటారో జిల్లా ఆసుపత్రిలో 2012లో క్యాన్సర్ కేంద్రం వెలిసింది. అక్కడ మొదట పెద్ద స్కానరు జోలికి పోలేదు. సూక్ష్మదర్శినికి కెమెరా అమర్చి ముఖ్యమైన భాగాల ఫొటోలు తీసి పంపారు. అంతకుముందే, 2001లో, పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల రాజధాని హోనియారా ఆసుపత్రి ఇదే పని చేసింది. పాథాలజిస్టు లేని ఆ ఆసుపత్రి ఈమెయిల్ ద్వారా స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయపు ఐపాత్ వేదికకు చిత్రాలు చేర్చింది. ఖరీదైన యంత్రం లేకపోయినా పని ఆగదనడానికి ఈ రెండూ ఉదాహరణలు. అయితే ఫొటో పద్ధతిలో ఒక లోపం లేకపోలేదు. ఏ భాగాన్ని తీయాలో ఎంచుకునే చూపు తీసేవారికి ఉండాలి. చూడవలసిన చోటు ఫొటోలో పడకపోతే అవతలివారు ఎంతటి ఉద్దండులైనా చేయగలిగేది లేదు.

ఆఫ్రికా ముక్క విదేశానికి వెళ్లడం మాత్రం కొత్త కాదు. యుగాండాలోని కంపాలాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు పిల్లల దవడలపై వచ్చే ఒక భయంకరమైన గడ్డను 1958లో వర్ణించాడు. ఆ గడ్డల ముక్కలు విమానంలో లండన్‌కు వెళ్లేవి. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల ఒక విమానం మాంచెస్టర్‌కు మళ్లింది. ముక్క ఆలస్యంగా చేరింది, సీసాలోని ద్రవం మసకబారింది. పాడైపోయిందని పారబోయకుండా చూసినప్పుడు అందులో సజీవ కణాలు తేలుతూ కనిపించాయి. ఆ కణాలను పెంచి చూడగా ఒక కొత్త వైరస్ బయటపడింది. 1964లో ప్రకటించిన ఆ ఎప్‌స్టీన్-బార్ వైరస్, మనుషుల్లో క్యాన్సర్‌కు దారితీస్తుందని తేలిన మొదటి వైరస్. శాస్త్రానికి అది మహోపకారమే. పిల్లలు యుగాండా వారు, వైరస్‌కు దక్కిన పేర్లు లండన్ ప్రయోగశాలవి. బర్కిట్ లింఫోమా నేటికీ ఆ ప్రాంతపు పిల్లల్ని పట్టి పీడిస్తూనే ఉంది. నాడు ముక్క విమానంలో వెళ్లింది. నేడు చిత్రం తీగల మీద వెళ్తుంది. చిత్రంతోపాటు చదువు కూడా అటే వెళ్లిపోతే యంత్రం మారిందే తప్ప వ్యవహారం మారలేదనే చెప్పాలి.

తెరకు అందనిది

డిజిటల్ పలక ఉంటే ఇక సూక్ష్మదర్శిని ఎందుకని వాదించేవారున్నారు. వారు ఒక విషయం మరచిపోతున్నారు. స్కానరు సాధారణంగా ఒకే లోతులో చిత్రం తీస్తుంది. పలుచగా కోసిన ముక్కకు అది చాలు. గడ్డలోకి సూది గుచ్చి లాగిన ద్రవాన్ని పలకపై పూసినప్పుడు కణాలు ఒకదానిపై ఒకటి గుట్టగా పడి ఉంటాయి. మర తిప్పుతూ పైనా కిందా చూస్తేనే వాటి ఆకారం తెలుస్తుంది. మలేరియా క్రిమి కోసం రక్తపు పూత చూడాలన్నా, కఫంలో క్షయ క్రిమి వెతకాలన్నా నూనె చుక్క వేసి గరిష్ఠ స్థాయిలో పెద్దది చేసి చూడాల్సిందే. పలు లోతుల్లో స్కాన్ చేసే యంత్రాలు లేకపోలేదు గానీ చిత్రం బరువు అన్ని రెట్లూ పెరుగుతుంది. విచిత్రమేమంటే సూది పరీక్ష, రక్తపు పూత, కఫం పరీక్ష వంటి చవక పరీక్షలపైనే పేద దేశాల వైద్యం ఎక్కువగా ఆధారపడుతోంది. అంటే తెర ఎవరికి ఎక్కువ అవసరమో వారి పనిలో పెద్ద భాగం దానికి లొంగదు. మర తిప్పడం చేతకాని డాక్టరును తయారుచేసి పల్లె ఆసుపత్రికి పంపితే అక్కడ స్కానరు ఉండదు, పాత సూక్ష్మదర్శిని ఒక్కటే ఉంటుంది.

ఇంకో సంగతి. ముక్కను గంటల తరబడి బయట వదిలేసి ఆ తర్వాత ఫార్మలిన్‌లో వేస్తే కణాలు కుళ్లిపోతాయి. మొండి కత్తితో కోస్తే పొర మడతలు పడుతుంది. అటువంటి పలకను కోటి రూపాయల యంత్రంలో పెట్టినా వచ్చేది కుళ్లిన, మడతలు పడ్డ చిత్రమే. కోత కోసే టెక్నీషియనుకు జీతం, కత్తికి పదును, ఫార్మలిన్‌కు డబ్బు ఉండాలి. దాతల బోర్డుపై ఇవేవీ ఎక్కవు. విరాళంగా వచ్చిన వైద్య పరికరాల్లో కొన్ని దేశాల్లో పది నుంచి ముప్పై శాతమే వాడుకలోకి వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో హెచ్చరించింది. దీనికి భిన్నమైన ప్రయత్నం టాంజానియాలో జరిగింది. త్రీడీ ముద్రణతో భాగాలు తయారుచేసుకునే ఓపెన్‌ఫ్లెక్షర్ అనే స్వయంచాలక సూక్ష్మదర్శినిని బ్రిటన్ విశ్వవిద్యాలయాలతో కలిసి అక్కడివారే తయారుచేసుకుంటున్నారు. చెడిపోతే బాగుచేసుకునేదీ వారే.

ఇక తెలుగువారి సంగతి. శ్రీకాకుళం నుంచి గంజాం వరకు తీరప్రాంతపు పల్లెల్లో అడ్డపొగ అలవాటు ఎరుగనివారు లేరు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ పద్ధతి ఆడవారిలోనే ఎక్కువ. ఆ వేడికి అంగిలి కాలి, తెల్లబారి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. పాతతరం రాచపుండు అని పిలిచిన జబ్బులకు ఇదొక కారణం. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ భారతీయ పరిశోధకులతో కలిసి ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. అంగిలి క్యాన్సర్ విదేశీ పాఠ్యపుస్తకంలో ఒక మూల వాక్యం. బరంపురం, శ్రీకాకుళం, విశాఖ వైద్య కళాశాలల విద్యార్థికి అది రేపటి ఓపీలో ఎదురయ్యే అవ్వ. కొన్న విదేశీ స్లైడ్ల పెట్టెలో ఆ అవ్వ అంగిలి కనబడదు.

ఉద్దానం మరీ స్పష్టమైన ఉదాహరణ. ఒడిశాను ఆనుకుని ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల్లో ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ జబ్బులో వడపోత గుచ్ఛాల కంటే నాళికలు, వాటి నడుమనున్న కణజాలం ముందుగా దెబ్బతిని మచ్చ కడతాయి. శ్రీలంకలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్, నికరాగ్వా చెరకు తోటల్లో కూడా ఇటువంటి జబ్బే ఉంది. స్వీడన్, శ్రీలంక పరిశోధకులు కలిసి ఆ రెండు ప్రాంతాల మూత్రపిండాల ముక్కలను పక్కపక్కన పెట్టి పోల్చి 2018లో పోలికలనూ తేడాలనూ ప్రచురించారు. జబ్బు ముదిరి మూత్రపిండం కుంచించుకుపోయాక ముక్క తీయడం ప్రమాదం. కనుక తొలిదశలో దొరికే ప్రతి ముక్కా అమూల్యం. ఉద్దానపు ముక్కలు స్కాన్ అయి ఉంటే ఇక్కడి విద్యార్థులు వాటిని శ్రీలంక పలకల పక్కన పెట్టి చూడవచ్చు. పల్లె రైతు దేహంలోని ఆ చిన్న పోగు వారికి వందల పేజీల పాఠం.

దేశంలో 2014 నాటికి 387గా ఉన్న వైద్య కళాశాలలు పదేళ్లలో 780 అయ్యాయి. ఎంబీబీఎస్ సీట్లు 51 వేల నుంచి లక్షా 18 వేలకు చేరాయి. నంద్యాల, ఆసిఫాబాద్ వంటి చోట్ల 2023లో కొత్త కళాశాలలు వచ్చాయి. కొరాపుట్‌లో 2017 నుంచే ఉంది. సరిహద్దు కుటుంబాల పిల్లలకు ఇది శుభవార్తే. అయితే సీటు పెంచినంత సులువుగా పలకల బీరువా నిండదు. అది దశాబ్దాల రోగుల నుంచి పోగయ్యేది. కొత్త కళాశాలకు పాత కళాశాల తన పలకలను తెరపై పంచుకునే ఏర్పాటు ఉంటే ఆ వెలితి కొంత తీరుతుంది. రాష్ట్రాల గీత ఇక్కడ అడ్డు రాకూడదు. రాయచూరులో చూపించుకునే మక్తల్ రోగికీ, బరంపురం వెళ్లే ఇచ్ఛాపురం రోగికీ ముక్క ఒక రాష్ట్రంలో, ఇల్లు ఒక రాష్ట్రంలో ఉంటాయి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2020 లాక్‌డౌన్‌లో ఇళ్ల నుంచే పలకలు చూసి రిపోర్టులు ఇచ్చారు. చేయగల సత్తా దేశంలో లేదని ఎవరూ అనలేరు.

పంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. గాజుపలక అంచున రోగి నంబరు, కొన్నిచోట్ల పేరు కూడా రాసి ఉంటుంది. స్కానరు ముక్కతోపాటు ఆ చీటీని కూడా విడిగా చిత్రం తీసి అదే ఫైలులో దాస్తుంది. చూసేవారి తెరపై కనబడకపోయినా అది లోపల ఉంటుంది. దాన్ని తొలగించకుండా పాఠానికి పంపితే ఫలానా ఊరి ఫలానా ఆమెకు ఫలానా జబ్బని ప్రపంచానికి చాటినట్లే. అనుమతి అడగడం కూడా అరుదే. ఆపరేషనుకు ముందు పెట్టించుకునే సంతకాల కాగితం చాలాసార్లు రోగికి రాని భాషలో ఉంటుంది.

జబ్బు ముదిరి పెద్దాసుపత్రికి వెళ్లమన్నప్పుడు అక్కడివారు మొదటగా అడిగేది రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బ్లాకులు, పలకలు కూడా. మొదటి ఆసుపత్రిలో దరఖాస్తు పెడితే సంతకం తీసుకుని ఇస్తారు. కొన్ని కుటుంబాలకు ఈ సంగతి తెలియక మళ్లీ ముక్క తీయించుకుంటాయి. తెలిసినవారు వాటిని చేతిసంచిలో బట్టల నడుమ సర్దుకుని రాత్రి బస్సెక్కుతారు. ఇచ్చేముందు స్కాన్ చేసి ఉంచుకున్న కళాశాలలో ఆ పాఠం నిలుస్తుంది. స్కానరు లేని చోట ఆ పలక రోగితోపాటే వెళ్లిపోతుంది; మరుసటి ఏడాది విద్యార్థికి రిజిస్టరులోని నంబరు ఒక్కటే మిగులుతుంది.